గొంతులో ఆగిన ముద్ద

ఆ రోజు నేను అబద్ధమాడాను. "కడుపులో బాగాలేదమ్మా, తినలేను" అన్నాను. నా కడుపుకి ఏ రోగమూ లేదు. పొద్దున హాస్టల్లో పిడికెడు ఉప్మా తిని, ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చిన కడుపది. ఆకలితో కాలిపోతోంది.

1990 ఎండాకాలం. మంగళగిరికి కొంచెం దూరంలో ఒక పల్లె. ఆ పల్లె చివర మాదిగగూడెం. అక్కడ నా స్నేహితుడి ఇల్లు. అతని పేరు రాయను. గుంటూరులో ఒకే హాస్టల్లో, ఒకే గదిలో మూడేళ్ళున్నాం. ఒకే సబ్బు, ఒకే దువ్వెన, చలికాలం వస్తే ఒకే దుప్పటి. సినిమాకి ఒక్క టిక్కెట్టు డబ్బులే ఉంటే ఇద్దరం మానేసేవాళ్ళం. నాకంటే ఏడాది చిన్న. 'అన్నా' అనేవాడు.

నేను వస్తున్నానని తెలిసి వాళ్ళమ్మ పెద్దకూర వండింది. అది నాకు కొత్త కాదు. మంగళగిరిలో మా మాలపల్లెలో, మా ఇంట్లో, ఆదివారం ప్రార్థన అయ్యి గుడి నుంచి రాగానే పొయ్యి మీద ఉడికేది అదే. దాన్ని తిన్నందుకు ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని ఏమనేవాళ్ళో తెలుసు. వాళ్ళని మేం ఏమనుకునేవాళ్ళమో కూడా తెలుసు.

కంచం ముందు కూర్చున్నాను. ముద్ద కలిపాను. నోట్లో పెట్టుకున్నాను. అది గొంతు దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. నా చూపు మాత్రం ఆమె చేతుల మీద ఉంది. ఆ చేతుల వెనక పెరటి గుమ్మం. గుమ్మంలోంచి వాళ్ళ తాత కాలంనాటి లంద, తోళ్ళు నానేసిన గుంట, కనపడుతోంది. ఎండిపోయి ఎన్నేళ్ళయిందో. అందులో ఇప్పుడు తోలూ లేదు, సున్నమూ లేదు, తంగేడు చెక్కా లేదు. కోడిపిల్లలు తిరుగుతున్నాయి. అయినా నాకు వాసనొచ్చింది. లేని వాసన వచ్చింది.

నీళ్ళు తాగి ముద్ద దించేసి ఆ అబద్ధం చెప్పాను. ఆమె కంచం వైపు చూసింది. నా వైపు చూసింది. "పోనీలే నాయనా. మీ పెద్దోళ్ళు మా గడపలో మంచినీళ్ళు కూడా తాగేవోళ్ళు కాదు. నువ్వు కూకున్నావు, ముద్ద కలిపావు. అదే చాల్లే" అంది.

తిట్టినా బాగుండేది.

*

మా నాయనమ్మ బైబిలు చదవలేదు గానీ వినేది. సగం కీర్తనలు నోటికొచ్చు. ఊళ్ళో కాఫీ హోటల్లో మాకు వేరే గ్లాసు ఉండేదని, తాగి మేమే కడిగి గూట్లో పెట్టాలని, చెప్పినప్పుడల్లా కళ్ళనీళ్ళు పెట్టుకునేది. "మనుషులం కాదంటరా మనం?" అనేది. అదే నాయనమ్మ, నేను చిన్నప్పుడు మాదిగగూడెంలో ఒకళ్ళింట్లో బెల్లంముక్క తిని వచ్చానని తెలిసి పుల్ల విరిచింది. కొట్టి, నోరు కడిగించింది. "వాళ్ళు చచ్చిన గొడ్డు తింటారురా" అంది. ఆ మాటకి ముందూ లేదు, వెనకా లేదు. బెల్లానికీ చచ్చిన గొడ్డుకీ సంబంధం ఏమిటని నేను అడగలేదు. అడిగినా ఆమె దగ్గర జవాబు ఉండేది కాదు.

మా ఊరి కొండ మీద పానకాల నరసింహస్వామి ఉన్నాడు. ఎవరు ఎంత పానకం పోసినా సగం తాగి సగం వదిలేస్తాడని చెప్పుకుంటారు. అంత బెల్లం నీళ్ళు ఒలికినా అక్కడ చీమ చేరదని కూడా చెప్పుకుంటారు. దూరదూరాల నుంచి జనం వచ్చి, ఆ మిగిలిన సగం సీసాల్లో పట్టుకుపోతారు. కొండ కింద పుట్టినవాణ్ణి కాబట్టి ఈ కథ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. పెద్దయ్యాక ఒక ప్రశ్న వేసుకున్నాను. దేవుడు సగం తాగి వదిలితే ప్రసాదం. అదే మా నాయనమ్మ ఒక గుక్క తాగి వదిలితే మైల. ఊళ్ళో పెద్దమనిషి విస్తట్లో మిగిలింది పాలేరు తింటే అది దయ. పాలేరు ముట్టుకున్న కుండ పెద్దమనిషి తాకితే అది అపచారం. ఎంగిలి అనేది తినే వస్తువులో లేదు. ఎవరి నోరు పైన, ఎవరి నోరు కింద అన్న లెక్కలో ఉంది. నీళ్ళు పల్లానికి పారినట్టు ఎంగిలి కూడా పల్లానికే పారుతుంది.

ఇది కనిపెట్టినందుకు నాకు నా మీద చాలా గౌరవం కలిగింది. హాస్టల్లో రాత్రుళ్ళు దీని మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. నా స్నేహితుడు నవ్వుతూ వినేవాడు. ఆ నవ్వులో ఏముందో ఆ ఎండాకాలం దాకా నాకు తెలియలేదు. పల్లం మా పల్లెతో ఆగదని, మా పల్లె దాటి ఇంకా కింద గూడెం ఉందని, అక్కడికి ఎంగిలి పారించే కాలవ మా ఇంటి ముందునుంచే పోతోందని అతనికి తెలుసు.

*

చాలా ఏళ్ళ తర్వాత మనస్తత్వశాస్త్రం పుస్తకాలు నా చేతికొచ్చాయి. నా గొంతులో జరిగిందానికి పేరుందని అప్పుడు తెలిసింది.

అమెరికాలో పాల్ రోజిన్ అనే శాస్త్రవేత్త రోత గురించి జీవితమంతా పరిశోధించాడు. 1986లో ఆయన బృందం ఒక ప్రయోగం అచ్చువేసింది. క్రిములు లేకుండా శుద్ధి చేసిన చచ్చిన బొద్దింకను పళ్ళరసంలో ముంచి తీశారు. రసానికి ఏ హానీ లేదని చెప్పారు. చదువుకున్నవాళ్ళే, అయినా తాగడానికి ఇష్టపడలేదు. బుద్ధికి తెలుసు హాని లేదని. గొంతుకి తెలియదు. ఒకసారి తగిలితే ఎప్పటికీ తగిలినట్టే అని గొంతు నమ్ముతుంది. ఇది చదివినప్పుడు నాకు ఎండిపోయిన లంద గుర్తొచ్చింది.

ఇంకొకాయన జొనాథన్ హైట్. 1993లో ఈయనా, ఇద్దరు సహ పరిశోధకులూ అమెరికాలోనూ బ్రెజిల్లోనూ మనుషులకు కొన్ని కథలు చెప్పి తీర్పులడిగారు. ఒక కథ ఇది. ఒక ఇంటివాళ్ళ పెంపుడు కుక్క కారు కిందపడి చచ్చిపోయింది. వాళ్ళు దాన్ని కోసి వండుకుని తిన్నారు. ఎవరూ చూడలేదు, ఎవరికీ నష్టం లేదు. తప్పా, కాదా? చాలామంది తప్పన్నారు. ఎందుకు తప్పని అడిగితే కారణాలు వెతుక్కున్నారు. ఒక కారణం కొట్టేస్తే ఇంకొకటి. తీర్పు ముందు వచ్చింది, కారణాలు వెనకనుంచి పరుగెత్తుకుంటూ వచ్చాయి. హైట్ తర్వాతి రోజుల్లో దీన్ని ఏనుగూ మావటీ అని పోల్చాడు. మన లోపలి స్పందన ఏనుగు. బుద్ధి పైన కూర్చున్న మావటి. ఏనుగును తానే నడుపుతున్నానని మావటి అనుకుంటాడు గానీ చాలాసార్లు అది పోయిన దారిని సమర్థించడమే అతని పని.

చచ్చిన జంతువుని తినడం తప్పా అని విదేశాల్లో కథ అల్లి అడుగుతున్నారు. మన దేశంలో అది కథ కాదు. పశువు చస్తే ఎత్తిపారేసే వెట్టి ఒక కులానికి అంటగట్టి, కూలి కింద ఆ మాంసమే ఇచ్చి, తిన్నందుకు తరతరాలుగా రోతపడ్డారు. ముందు ఆకలి పెట్టారు, తర్వాత తిండి పెట్టారు, తర్వాత ఆ తిండిని చూపించి తీర్పు చెప్పారు. ఆ తీర్పు పెదకాపు నోట్లో పుట్టి మా నాయనమ్మ నోటికొచ్చింది. ఆమె నోటి నుంచి నా గొంతులోకి దిగింది.

హైట్ 1993లో మన పొరుగున భువనేశ్వర్‌లో కొన్నాళ్ళు ఉన్నాడు. ఆయనకు దారి చూపింది రిచర్డ్ ష్వేడర్. అదే గుళ్ళ ఊళ్ళో ష్వేడర్, మనమోహన్ మహాపాత్ర, జోన్ మిల్లర్ కలిసి చేసిన పెద్ద పరిశోధన 1987లో వచ్చింది. అక్కడి బ్రాహ్మలు చెప్పిన ఘోరమైన తప్పుల వరసలో ఒకటి, తండ్రి చనిపోయిన మర్నాడే పెద్దకొడుకు క్షవరం చేయించుకుని కోడిమాంసం తినడం. ఇలాంటివి చూశాక ఈ పండితులు ఒక మాట చెప్పారు. నీతి అంటే ఒకరికి హాని చేయకపోవడం, న్యాయంగా పంచడం మాత్రమే కాదు. తనవాళ్ళకు కట్టుబడి ఉండటం, పెద్దలకు లొంగి ఉండటం, పవిత్రత కాపాడుకోవడం కూడా చాలామందికి నీతే. 2009లో హైట్, ఆయన సహచరులు దీన్ని రాజకీయాలకు అన్వయించారు. అమెరికాలో ఉదారవాదులు మొదటి రెండింటి మీదే ఎక్కువ ఆనుకుంటారు, సంప్రదాయవాదులు అయిదింటి మీదా ఆనుకుంటారు అన్నారు.

భువనేశ్వర్‌లో తనను ఇళ్ళకు పిలిచి ఆదరించినవాళ్ళను చూసి, మొదట్లో కలిగిన ఇబ్బంది పోయి, పవిత్రత మీద నిలబడిన బతుకులో ఒక అందం కనిపించిందని హైట్ రాసుకున్నాడు. నేను ఆయన్ని తప్పుపట్టను. భోజనానికి పిలిచినవాళ్ళ ఇల్లు ఎవరికైనా అందంగానే కనపడుతుంది. కానీ పవిత్రత అనే ఇంటికి పెరటి గుమ్మం కూడా ఉంది. మనం అటువైపునుంచి వచ్చాం. అటునుంచి చూస్తే ఆ ఇల్లు శుభ్రంగా ఉండటానికి ఎవరి చేతులు మురికి కావాలో కనపడుతుంది.

1927 మార్చిలో మహద్ చెరువులో అంబేద్కరూ ఆయన వెంట వచ్చినవాళ్ళూ దోసెడు నీళ్ళు తాగితే, ఆ నీళ్ళను శుద్ధి చేయడానికి 108 కుండల్లో పాలు, పెరుగు, ఆవు పేడ, ఆవు మూత్రం కలిపి గుమ్మరించారు. 1985 జూలైలో కారంచేడు మంచినీళ్ళ చెరువు దగ్గర కథ తలకిందులైంది. గేదెల కుడితి నీళ్ళు మాదిగలు తాగే నీళ్ళలో కలుపుతుంటే ఇదేమిటని అడిగారు. బిందె ఎత్తి ఎదురు నిలిచిన మున్నంగి సువార్త మనకందరికీ తెలుసు. మర్నాడు, జూలై 17న ఆరుగురు మాదిగలను నరికి చంపారు. 1991లో చుండూరులో సినిమాహాల్లో కాలు తగిలిన గొడవ ముదిరి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల ప్రాణాలు తీసింది. నీళ్ళు, స్పర్శ. ఎవరైనా వీటిని భూమి గొడవలు, కూలి గొడవలు, ఓట్ల గొడవలు అనొచ్చు. అవీ నిజమే. కానీ కత్తి పట్టిన చేతికి ఇది తప్పు కాదన్న ధీమా ఎక్కడనుంచి వచ్చింది? రోత ఇచ్చింది ఆ ధీమా. రోతపడినవాడు తాను పాపం చేస్తున్నాననుకోడు, శుభ్రం చేస్తున్నాననుకుంటాడు. కులం హిందువుల నీతిని తన హద్దుల్లో బంధించిందని, మంచితనం కూడా కులం దాటి పోలేకుండా చేసిందని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పాడు. మనం ఆ మాటను వాళ్ళ మీదికి విసరడానికి వాడుకున్నాం. మనవైపు తిప్పుకోలేదు.

*

ఇప్పుడు మా నాన్న గురించి చెప్పాలి.

మా నాన్న కూలి. శనివారం కూలి డబ్బులొస్తే సారాకొట్టుకి పోయేవాడు. ఊళ్ళో కామందు మా అరుగు ముందు నిలబడి, "వీళ్ళకెంతిచ్చినా ఇంతేరా. నిగ్రహం లేని జాతి. చేతిలో డబ్బు ఆగదు" అనడం నేను చెవులారా విన్నాను. కామందు మీద కోపమొచ్చింది. కానీ లోపల్లోపల ఆయన మాటే నా మాటయింది. చదువుకున్నకొద్దీ మా నాన్నని కామందు కళ్ళతోనే చూశాను. నేను తాగను, సిగరెట్టు ముట్టను, పొద్దున్నే లేచి చదువుతాను. నాకు నిగ్రహం ఉంది, నాన్నకు లేదు. నా మంచితనం అంతా ఈ తేడా మీద కట్టుకున్నాను.

ఒకసారి అడిగేశాను, "దాచుకోవచ్చుగా నాన్నా?" అని. ఆయనకు కోపం రాలేదు. "ఎవరికి దాచేదిరా? సోమవారం వడ్డీవోడొస్తాడు. కోతలయ్యాక ఇస్తానన్న గింజలు మూడేళ్ళనుంచి ఇయ్యలా. నోట్లో పడిందే నాది" అన్నాడు. అది తాగుబోతు మాట అనుకున్నాను.

నిగ్రహం గురించి ప్రపంచమంతా చెప్పుకునే ప్రయోగం ఒకటుంది. 1960ల చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ మొదలుపెట్టాడు. చిన్నపిల్లవాడి ముందు ఒక మిఠాయి పెడతారు. ఇప్పుడే తింటే ఒకటే, నేను వచ్చేదాకా ఆగితే రెండు అంటారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని తర్వాత తేలింది. ఇంకేముంది, నిగ్రహం ఉన్నవాడు పైకొస్తాడు, లేనివాడు కింద ఉంటాడు అని జనం సూత్రం కట్టేశారు. కామందు మాటకు శాస్త్రం దొరికింది. కానీ 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లలతో లెక్క తీసి, ఇంటి పరిస్థితులు కూడా కలిపి చూస్తే ఆ సంబంధం చాలావరకు తగ్గిపోయింది.

అంతకంటే ముందు, 2013లో సెలెస్ట్ కిడ్ బృందం వేరే పని చేసింది. పిల్లలకు మొదట మంచి రంగులు తెస్తామని మాటిచ్చారు. సగం మందికి మాట నిలబెట్టుకున్నారు. సగం మందికి, లేవమ్మా అని చేతులు దులుపుకున్నారు. తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలిచిన పద్నాలుగు మందిలో తొమ్మిది మంది పావుగంటా ఆగారు. మాట తప్పిన పద్నాలుగు మందిలో ఆగింది ఒక్కరు. పిల్లలందరూ అలాంటి పిల్లలే. తేడా ఎదుటి మనిషి మాటలో ఉంది. మాట తప్పే లోకంలో ఆగడం నిగ్రహం కాదు, అమాయకత్వం.

"నోట్లో పడిందే నాది." మా నాన్న ఆ పద్నాలుగు మందిలో ఒకడు.

అయితే తాగుడు మంచిదని నేననడంలేదు. మా అమ్మ ఒంటి మీద దెబ్బలు నాకు గుర్తున్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు మా అమ్మ ఆ వార్త నాతో రెండుసార్లు చదివించుకుంది. 1993లో సారా పోయింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. తాగుడు తప్పని కామందూ అన్నాడు, దూబగుంట ఆడవాళ్ళూ అన్నారు. మాట ఒకటే. కామందు మాట ఏవగింపులోంచి వచ్చింది, మమ్మల్ని ఇంకా కిందకు తొయ్యడానికి వచ్చింది. ఆ తల్లుల మాట పిల్లల ఆకలిలోంచి వచ్చింది. ఒక తీర్పు సరైనదా కాదా అని చూసేటప్పుడు తీర్పు ఒక్కటే చూస్తే చాలదు. ఎవరి కడుపులోంచి వచ్చింది, ఎవరి మీదికి పోతోంది అని కూడా చూడాలి. నేను నా తండ్రి మీద చెప్పిన తీర్పులో మా అమ్మ దెబ్బలు సగం ఉన్నాయి. మిగతా సగం కామందుది.

*

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మోగింది. నా స్నేహితుడు పేరు చివర మాదిగ అని పెట్టుకున్నాడు. తిట్టుగా విన్న మాటను తలపాగాగా చుట్టుకున్నాడు. నేను మెచ్చుకున్నాను. మెచ్చుకుంటూనే దూరం జరిగాను.

1997లో ప్రభుత్వం ఎస్సీల పదిహేను శాతాన్ని నాలుగుగా పంచింది. రెల్లి కులాలకు ఒకటి, మాదిగలకు ఏడు, మాలలకు ఆరు, ఆది ఆంధ్రులకు ఒకటి. ఆ రోజుల్లో మంగళగిరిలో ఒక చిన్న హాల్లో మీటింగు. విద్యార్థులు, ఉద్యోగులు ఒక యాభై మంది. నేను మాట్లాడాను. "ఇల్లు ఇంకా గోడలు లేవలేదు, అప్పుడే పంపకాలా? శత్రువు ఎదురుగా ఉంటే అన్నదమ్ములు వాటాలకు కొట్టుకుంటారా? చదువుకున్నవాళ్ళకు ఉద్యోగాలొచ్చాయి, చదువుకోవద్దని ఎవరన్నారు? మాదిగ సోదరులు కొంచెం ఓర్పు పట్టాలి" అన్నాను. చప్పట్లు బాగా పడ్డాయి.

అతను వెనక వరసలోంచి లేచాడు. గొంతు పెంచలేదు. "అన్నా, కారంచేడులో చచ్చిందెవరు? ఆ నెత్తుటి మీద లేచిన ఉద్యమంలో మైకు ముందు నిలబడింది ఎక్కువమంది ఎవరు? ఉద్యోగాల జాబితా తీసి చదువు. ఓర్పు సంగతి తర్వాత చూద్దాం. ఇంకొకటి అడుగుతాను. తొంభైలో మా ఇంట్లో నీ గొంతులో ఆగిన ముద్ద దిగిందా, ఇంకా అక్కడే ఉందా?"

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నేనేమన్నానో తెలుసా? "వ్యక్తిగత విషయాలు వద్దు" అన్నాను. అతను వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మాటల్లేవు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా ఉపన్యాసం నేనే మళ్ళీ విన్నాను. "చదువుకోవద్దని ఎవరన్నారు" అన్న వాక్యం దగ్గర ఆగాను. అది నా వాక్యం కాదు. 1990లో మండల్‌కి వ్యతిరేకంగా ఢిల్లీలో అగ్రకులాల విద్యార్థులు రోడ్లు ఊడ్చి, బూట్లు తుడిచి, మా గతి ఇక ఇంతేనా అని నిరసన చేసినప్పుడు వాళ్ళు అన్న మాట అది. ఆ రోజు నా గదిలో నా పక్కన కూర్చుని పేపర్లో ఆ బూట్లు తుడిచే బొమ్మ చూసినవాడు ఇతనే. చెప్పులు కుట్టిన ఇంటి బిడ్డ. ఏమీ అనలేదు, పేపరు మడిచి పెట్టాడు. ఏడేళ్ళకు ఆ మాటనే నేను అతని మొహాన అన్నాను.

ఇద్దరి గోడ మీదా అంబేద్కర్ బొమ్మే. ఇద్దరి శత్రువూ ఒకరే. అయినా అతను న్యాయం వైపు నిలబడి మాట్లాడాడు, ఎవరి వాటా వాళ్ళకని. నేను కట్టుబాటు వైపు నిలబడి మాట్లాడాను, ఐక్యత అని. రెండూ విలువలే, ఒకటి నీతీ ఒకటి అవినీతీ కాదు. కానీ మిత్రులారా, ఒకటి గమనించండి. ఇంట్లో ఎక్కువ వాటా ఉన్నవాడికే ఐక్యత తియ్యగా ఉంటుంది. గాంధీ మనల్ని హిందువుల ఐక్యత అన్నప్పుడు మనం వాటా అన్నాం. మాదిగలు మనల్ని వాటా అడిగినప్పుడు మనం ఐక్యత అన్నాం. మనిషి నిలబడ్డ మెట్టు మారితే నోట్లో విలువ మారిపోతుంది. మారినట్టు అతనికే తెలియదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఏ వాదన వెనక ఏ రోత ఉందో వెతికినంత మాత్రాన ఆ వాదన తప్పని తేలదు. ప్రభుత్వ ఉద్యోగాలే కరిగిపోతుంటే పంచుకునేదేముందన్న నా భయం అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. అందుకే నేను ఒక పరీక్ష పెట్టుకున్నాను. నా వాదనను తిరగేసి చూస్తాను. ఇదే మాట ఒక అగ్రకులంవాడు నాతో అంటే ఒప్పుకుంటానా? "కొంచెం ఓర్పు పట్టండి" అని నాతో ఎవడైనా అంటే వాడి చొక్కా పట్టుకునేవాణ్ణి. ఐక్యత పోకూడదన్న భయం ఈ పరీక్షలో నిలిచింది. ఓర్పు మాట నిలవలేదు. మాట తప్పుతూ వచ్చిన అన్న, తమ్ముణ్ణి ఆగమనడానికి అర్హుడు కాడు.

*

నిగ్రహం మనకు శత్రువు నేర్పిన మాటలా వినపడుతుంది. నిజమే, మనల్ని పొగిడేదంతా ఓర్చుకున్నందుకే పొగిడారు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' రాశాడు. అందులో కొడుకు సంగదాసు హత్య అయినా సహనం వదలని తండ్రి రామదాసు ఉన్నాడు. తిరగబడి పెద్దలను దోచి పేదలకు పంచే కొడుకు వెంకటదాసూ ఉన్నాడు. మంచి మాలవాడెవరంటే పెద్దమనుషులు తండ్రినే చూపిస్తారు. అలాంటి ఓర్పు మనకొద్దు.

కానీ మహద్‌లో ఇంకొకటి జరిగింది. చెరువు నీళ్ళు తాగి వచ్చినవాళ్ళ మీద అగ్రకులాలవాళ్ళు పడి కొట్టారు. తిరిగి కొట్టడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు. అంబేద్కర్ ఆగమన్నాడు. అదే ఏడాది డిసెంబర్ 25న అదే మహద్‌లో మనుస్మృతిని మంటల్లో వేయించాడు. ఆగింది లొంగడానికి కాదు, దెబ్బ ఎక్కడ వేయాలో చూసుకోవడానికి. ఈ నిగ్రహం మనది. దీన్ని శత్రువు ముందు వాడటం మనకు తెలుసు. తమ్ముడి ముందు, భార్య ముందు, మనకంటే కింద ఉన్న రెల్లి మనిషి ముందు వాడటం తెలియదు. నోటిదాకా వచ్చిన తీర్పును ఒక్క క్షణం ఆపి, ఇది నాదా, ఎవరో నా గొంతులో పెట్టి పోయిందా అని చూసుకోవడం. నాకు తెలిసిన నిగ్రహం ఇప్పుడు ఇదొక్కటే. మా నాన్న బతికి ఉండగా ఇది నేర్చుకోలేదు.

వర్గీకరణ 2000లో చట్టమైంది. 2004 నవంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ రోజు మావాళ్ళు మిఠాయిలు పంచారు. నేను తీసుకోలేదు, వద్దనీ అనలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు న్యాయమూర్తుల్లో ఆరుగురు వర్గీకరణ చెల్లుతుందన్నారు. ఆ సాయంత్రం అతని నంబరు సంపాదించి ఫోన్ చేశాను. "న్యాయం జరిగింది" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "నీకు సంతోషమేనా అన్నా?" అన్నాడు. అబద్ధమాడదలచుకోలేదు. "సగం. నా కొడుక్కి సీటెలా అని మిగతా సగం" అన్నాను. నవ్వాడు. హాస్టల్లో నవ్విన నవ్వే. "ఆదివారం రా" అన్నాడు.

వెళ్ళాను. వాళ్ళమ్మ లేదు. చనిపోయి చాలా ఏళ్ళయిందట. నాకు కబురు రాలేదు, రావడానికి నేను దారి ఉంచలేదు. లంద ఉన్న చోట పూడ్చి గది కట్టారు. అతని కోడలు వడ్డించింది. పెద్దకూరే. ఆ అమ్మాయికి ఏ కథా తెలియదు.

మొదటి ముద్ద దగ్గర, ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత, అంబేద్కర్నీ అమెరికా శాస్త్రవేత్తల్నీ చదివిన తర్వాత, నా గొంతు ఒక్క రెప్పపాటు ఆగింది. ఆగలేదని రాస్తే ఈ వ్యాసం కూడా అబద్ధమవుతుంది. అతను చూస్తూనే ఉన్నాడు.

"ఆగితే ఆగనీ అన్నా. లేవబాక" అన్నాడు.

లేవలేదు. కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాను, మారు వేయించుకున్నాను. మీ అమ్మకు క్షమాపణ చెప్పాలని వచ్చానన్నాను. "ఆవిడకు చెప్పాల్సింది నాకు చెబితే ఎట్టా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఉద్యోగాల గురించి, వాటాల గురించి మొదలుపెట్టాం. ఒప్పుకున్నవి కొన్ని, ఒప్పుకోనివి చాలా. ఒకసారి ఇద్దరం గొంతు పెంచాం, కోడలు వచ్చి చూసి పోయింది. మాటల్లో మంగళగిరి ఆఖరి బస్సు పోయింది.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను.